నక్షను మరల ఎన్నడు చూతురు?

శంషాబాదుకు దక్షిణముగా, బెంగుళూరు రహదారినుండి లోపలికి తిరిగిన ఒక పల్లెలో, వేపచెట్టు క్రింది అరుగుమీద నాతో మాటలాడుచు కూర్చున్న ఒక వృద్ధ రైతు తన చేతిసంచిలోనుండి రెండు కాగితములు తీసి నా యెదుట పరచినాడు. అందొకటి తన తండ్రి పేరున్న 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకలు. అంచులు నలిగి, మడతలకడ చినిగి, వెనుక గుడ్డపీలిక అతికింపబడి ఉన్నది. రెండవది ఈ కాలపు రంగుల నక్షకు తీయించిన జిరాక్సు. రంగులన్నియు పోయి బూడిదవన్నె మాత్రము మిగిలినది. చదువు రాకున్నను, మొదటి కాగితములో ఏ గడిలో తండ్రి పేరున్నదో, ఏ గడిలో ఎకరములు గుంటలు ఉన్నవో అతడు వ్రేలితో తడుముకొనకుండ చూపినాడు. రెండవదానిలో తన పొలమెక్కడనున్నదో అతనికి తెలియలేదు. నిజమునకు నాకును తెలియలేదు.

“మా భూమి గ్రీన్ జోన్ల పడ్డదట సారూ,” అన్నాడు. “ఎన్నడు పడ్డదో మాకెరుక లేదు. బిడ్డ పెండ్లికని అరెకరం అమ్మవోతే, కొననొచ్చినాయన చెప్పిండు.”

“మరి నక్ష వేసినప్పుడు కాగితమేమన్న పెట్టినరా పెద్దాయనా?”

“ఆఫీసుకు పోయి అడిగిన గద. గడువు ఎప్పుడో అయిపోయిందన్నరు. సరే, అయిపోయిందే అయిపోయింది. మరి గా నక్షను మల్ల ఎన్నడు చూస్తరు సారూ?”

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయినది. తెలిసికొని చెప్పెదనని మాటయిచ్చి లేచితిని. అతడు తన భూమి రంగును మార్పింపుమని నన్ను కోరలేదు, పరిహారము అడుగలేదు, ఎవ్వరిని నిందింపలేదు. ఒక నిర్ణయము తన పరోక్షమున జరిగిపోయినదని ఒప్పుకొని, అట్టి నిర్ణయము మరల విచారణకు వచ్చు దినమేదో ముందుగా తెలిసినచో ఆ దినమునకు తాను సిద్ధముగా నుందునని మాత్రమే అతని భావము. నగరనిర్మాణశాస్త్రము నెఱిగినవారు ప్రజాభాగస్వామ్యమని దేనినందురో దాని వేరు ఈ ఒక్క కోరికలోనే ఉన్నదని నాకు తోచినది. ప్రణాళికలో ఏమున్నదో తెలియుట ఒక హక్కు. ఆ ప్రణాళిక ఎప్పుడు పుట్టునో, ఎప్పుడు మారునో, ఎప్పుడు మన మాటకు చెవియొగ్గునో తెలియుట దానికంటె ముందరి హక్కు. ఈ రెండవదానిని మనమింతవరకు హక్కుగా లెక్కింపలేదు.

ఇట్టి ప్రశ్న పుట్టుటకు శంషాబాదునకు తగిన చోటు తెలుగునేలపై మఱియొకటి లేదని నా నమ్మకము. పైగా వంశపు షంసుల్ ఉమ్రాల పేరిట వెలసినదని చెప్పుకొను ఈ ఊరు, హైదరాబాదునుండి కర్నూలునకు పోవు బాటమీద, ద్రాక్షతోటలకును కూరగాయలకును పేరుబడిన రంగారెడ్డి నేలల నడుమ ఒదిగియుండెడిది. దాని రైలుస్టేషనుకు ఇప్పటికిని ఉందానగరమనియే పేరు. కొత్త విమానాశ్రయమునకై 1997–98 ప్రాంతమున బౌరంపేట, నాదర్‌గుల్, శంషాబాదు అను మూడు స్థలములను పరిశీలించి, జాతీయ రహదారియు రైలుమార్గమును దాపున నుండుటచే శంషాబాదును ఎన్నుకొన్ననాటినుండి ఈ ప్రాంతపు కాలము వేరొక గతిని నడచినది. 2004 డిసెంబరులో ఒప్పందము, 2005 మార్చి 16న శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవము జరిగి, అదే నెల 23వ తేదీనుండి విమానములు ఎగురజొచ్చినవి. సుమారు 5,500 ఎకరముల నేల, నాలుగు కిలోమీటర్లకు మించిన పొడవుగల రన్‌వే, మూడు సంవత్సరములలో సిద్ధమైనవి. ఆ పనిలోని దీక్షను, నైపుణ్యమును నేను మనసార మెచ్చుకొందును.

ఐతే ఒక తేదీని పాఠకులు గమనింపవలెను. ఈ విమానాశ్రయమును పురస్కరించుకొని, దాని చుట్టుప్రక్కల గ్రామముల అభివృద్ధిని క్రమపరచుటకే ‘హడా’ అను ప్రత్యేక సంస్థ ఏర్పడియుండెను. ఆ సంస్థ పరిధికి సంబంధించిన మాస్టర్ ప్లాన్‌ను ప్రభుత్వము ఆమోదించిన ఉత్తర్వు 2008 ఏప్రిల్ 3 నాటిది. అనగా ప్రయాణికుల విమానములు రాకపోకలు మొదలిడిన పదునొకండు దినములకు ఆ ప్రాంతము ఎట్లు పెరుగవలెనో చెప్పు పత్రము పూర్ణరూపము పొందినది. ముసాయిదాలు అంతకు పూర్వమే నడచియుండును. అందు పనిచేసినవారి శ్రమను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని నేలమీది మార్పు ముందు నడువగా, కాగితముమీది ప్రణాళిక వెనుకనుండి దానిని అందుకొనుటకు పరుగెత్తిన తీరు ఆ రెండు తేదీలలోనే గోచరించుచున్నది. అప్పటికే చేతులు మారిన భూములు చేతులు మారినవి. వేసిన వెంచర్లు వేసినవి. హద్దురాళ్లు తెల్లసున్నముతో నిలిచినవి.

ఆ యొక్క సంవత్సరములోనే జూలైలో బాహ్యవలయ రహదారికి ఇరువైపుల గల వృద్ధిమండలమునకు వేరొక ప్రణాళిక వచ్చినది. ఆగస్టు 25న హుడా, హడా, సైబరాబాదు, బుద్ధపూర్ణిమ అను అభివృద్ధి సంస్థలన్నియు లయమై మహానగరాభివృద్ధి సంస్థయగు హెచ్ఎండిఏ ఏర్పడినది. నవంబరులో గచ్చిబౌలినుండి శంషాబాదు వరకు బాహ్యవలయ రహదారి తెరవబడినది. మరుసటి సంవత్సరము అక్టోబరులో మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వైపునకు పదునొకండు కిలోమీటర్లకు మించిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చినది. 2013 జనవరి 24న మహానగరపు వెలుపలి పరిధికి 2031ని లక్ష్యవత్సరముగా పెట్టుకొని మఱియొక మాస్టర్ ప్లాన్ వెలువడినది. హడా రూపుమాసినను హడా ప్రణాళిక మాత్రము రూపుమాయలేదు. సంస్థ పోయి, అది వేసిన రంగులు మిగిలినవి. ఒకే మండలములోని వేర్వేరు సర్వే నంబర్లపై వేర్వేరు కాలములలో వేర్వేరు సంస్థలు గీసిన గీతలు ఒకదానిమీద నొకటి పడియున్నవి. వీనిపైన విమానములు దిగు దారిలో కట్టడముల యెత్తును నిర్ణయించు రంగుల పటము ఒకటి. చెరువుల పూర్తి నీటిమట్టపు (ఎఫ్‌టిఎల్) హద్దు ఒకటి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అను జంట జలాశయముల రక్షణకై వచ్చిన 111వ నంబరు ఉత్తర్వు ఒకటి. తన పొలములో ఇల్లు కట్టుకొనవచ్చునా, మానవలెనా అను చిన్న ప్రశ్నకు రైతు ఇన్ని పత్రములను ఒకచోట పెట్టుకొని జవాబు వెదకుకొనవలెను. ఈ పత్రములలో ఏదేని ఒకటి మారినచో తక్కినవానికిగల సంబంధమును మారును. కాని అవన్నియు ఒకే దినమున ఎన్నడును మారవు.

పాలనాసంస్థల మార్పు మఱింత వేగముగ జరిగినది. శంషాబాదు గ్రామపంచాయతీ 2018లో పురపాలక సంఘమైనది. 2025 డిసెంబరులో హైదరాబాదు చుట్టునుగల 27 పురపాలక సంస్థలలో ఒకటిగ అదియు మహానగరపాలక సంస్థలో విలీనమైనది. పంచాయతీ కడదినములలో పుట్టిన బిడ్డ ఎనిమిదవ యేడు నిండకమునుపే పట్టణవాసియై, పిమ్మట మహానగరవాసియు నైనాడు. ఆ 2025లోనే మార్చి నెలలో హెచ్ఎండిఏ పరిధి ప్రాంతీయవలయ రహదారి వరకు విస్తరించి పదివేల చదరపు కిలోమీటర్లను దాటినది. దాని ప్రక్కనే మహేశ్వరము, కందుకూరు మొదలగు ఏడు మండలములలోని 56 గ్రామములను కలుపుకొని ఫ్యూచర్ సిటీ యను నూతననగరమునకు వేఱొక అభివృద్ధి సంస్థ వెలసినది. 2050ని గమ్యముగా పెట్టుకొని మహానగరమునకంతటికిని ఒకే మాస్టర్ ప్లాన్ కావలెనను పని ఇప్పుడు నడుచుచున్నది. ఇది మంచి సంకల్పమే. చీలికలు చీలికలుగ ఉన్న నక్షలు ఒకటియగుట రైతుకును, గృహస్థునకును, అధికారికిని మేలు. కాని ఒక ముసాయిదా వచ్చినపుడు గ్రామముపక్షమున చదివి, తీర్మానము చేసి, సంతకముచేసి పంపవలసిన పంచాయతీ శంషాబాదునకు ఇప్పుడు లేదు. దాని తరువాత వచ్చిన పురపాలక సంఘమును లేదు. ఊరు మాటాడు నోరు మాటిమాటికి మారుచుండగా, ఆ నోరు ఏ నెలలో మాటాడవలెనో చెప్పు కాలపట్టిక యొక్క ఆవశ్యకత ఇనుమడించుచున్నది.

ప్రణాళికయనగా భూమి ధరకు మాత్రమే సంబంధించినదని తలంచు వారికి శంషాబాదు మండలములోని పెద్దషాపూర్ కథను చెప్పవలెను. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాదును ముంచిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలు ఆధారముగా 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో ఈసీ నదిపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. వరదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే దశాబ్దములపాటు నగరమునకు దాహము తీర్చినవి. వానికి చేరు నీరు చెడిపోకుండుటకై పది కిలోమీటర్ల మేర కాలుష్యకారకములైన పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, కాలనీలను నిషేధించుచు 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు వెలువడినది. 84 గ్రామములు దాని క్రిందికి వచ్చినవి. అంతకు ఆరునెలల పూర్వము, 1995 సెప్టెంబరులో, ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారము పెద్దషాపూర్‌లో పన్నెండెకరములు కొనియుండెను. కర్మాగారము కట్టవచ్చునని ఒక శాఖ, కూడదని మఱియొక శాఖ. మినహాయింపునిచ్చు ఉత్తర్వు, దానిపై అప్పీలు. ఈ విధముగ నడచి నడచి వ్యవహారము సుప్రీంకోర్టును చేరినది.

జస్టిస్ ఎం. జగన్నాథరావు 1999 జనవరిలోను, 2000 డిసెంబరులోను ఆ వ్యాజ్యములో వ్రాసిన తీర్పులను పర్యావరణ న్యాయము చదువు విద్యార్థులు నేటికిని పఠింతురు. హాని జరుగునను నిశ్చయము కలుగువరకు వేచియుండరాదనియు, హాని జరుగదని నిరూపించు భారము పని తలపెట్టినవానిపైననే ఉండుననియు చెప్పు ముందుజాగ్రత్త సూత్రము మన దేశపు న్యాయములో నిలద్రొక్కుకొనుటకు పెద్దషాపూర్ నేల సాక్షియైనది. మినహాయింపు చెల్లదని న్యాయస్థానము తేల్చినది. ఆ తీర్పు న్యాయమైనదేయని నేను దృఢముగ నమ్ముదును. ఐనను ఆ కథలో నన్ను విడువక వెంటాడునది వ్యాజ్యములో గడచిన కాలము. అట్టి రక్షణ ఎప్పటినుండి, ఏ నేలకు వర్తించునో ఊరికిని పరిశ్రమకును ముందే తెలియజేయు కాలపట్టిక యొకటి ఉండియున్నచో, అన్నేండ్ల వ్యాజ్యము, పెట్టుబడి, ఆశ, విరోధము ఎంత తగ్గియుండెడివో గదా!

ఆ కథయే మఱియొక సంగతిని నేర్పుచున్నది. పెద్దషాపూర్ భూమిని గూర్చిన నిర్ణయములో ఆ భూమి గలవాడొక్కడే ప్రజ కాడు. హిమాయత్‌సాగరపు నీరు త్రాగిన పాతబస్తీ గృహిణియు ప్రజయే. ఆ కంచెలో మేకలు కాచుకొనువాడు, పట్టా పేరులేని కౌలుదారు, కూరగాయలు తీసికొని తెల్లవారకమునుపే నగరమునకు బయలుదేరు స్త్రీ, విమానాశ్రయములో సరకు మోయుచు తొండుపల్లిలోనో రాళ్లగూడలోనో అద్దెకుండు యువకుడు, వీరందఱును ప్రజలే. 2022 ఏప్రిల్ 12న 69వ నంబరు ఉత్తర్వుతో ఆ నిషేధములను సడలింప తలపెట్టినపుడును, 2023 మే నెలలో 111ను పూర్తిగా తొలగింపవలెనని మంత్రివర్గము నిర్ణయించినపుడును, ఆ పల్లెలలో బాణాసంచా కాల్చినవారున్నారు, నగరములో వ్యాకులపడినవారున్నారు. రెండు పక్షములకును కారణములున్నవి. ఇరువదియేడేండ్లు తమ నేలకు ధర రాలేదని పల్లె బాధపడుట అబద్ధము కాదు; నీటి పరీవాహము కాంక్రీటైనచో మరల వెనుకకు రాదని నగరము భయపడుటయు అబద్ధము కాదు. ఈ ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టి, ఇన్ని నెలలలో అధ్యయనము, ఇన్ని నెలలలో గ్రామసభలు, ఈ తేదీన ముసాయిదా, ఆ తేదీన తుదినిర్ణయము అని ముందే చెప్పిన క్రమము లేకపోవుటచే ఒకరి పండుగ మఱియొకరికి దుఃఖమైనది.

ఇక గడువుల సంగతి. ముసాయిదాను ప్రజల పరిశీలనకై ఉంచి, అభ్యంతరములను సూచనలను ఆహ్వానింపవలెనని 1975 నాటి పట్టణప్రాంతముల అభివృద్ధి చట్టమే చెప్పుచున్నది. ఒక సర్వే నంబరు భూవినియోగమును మార్చునపుడు పత్రికలలో వెలువడు ప్రకటనలు సాధారణముగా పదునైదు దినముల గడువునిచ్చును. భూసేకరణకు సంబంధించిన 2013 చట్టము అభ్యంతరములకు అరువది దినములిచ్చును. పర్యావరణానుమతికై జరుగు బహిరంగ విచారణకు ముప్పది దినములముందు ప్రకటింపవలెనని 2006 నాటి నియమము. అనగా మన చట్టములకు గడువు విలువ తెలియకపోలేదు. కాని గడువు మొదలగు దినము మాత్రము ఎప్పుడును ఆకస్మికము. వాన ఎప్పుడు కురియునో పంచాంగములో చూచుకొను రైతునకు, తన నేల తలవ్రాతను మార్చు ముసాయిదా ఎప్పుడు వచ్చునో చూచుకొనుటకు పంచాంగము లేదు.

దాని ఫలమేమో కామారెడ్డి చూపినది. అచ్చటి పురపాలక సంఘపు మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2022 నవంబరులో వెలువడినది. అభ్యంతరములకు 2023 జనవరి 11 వరకు గడువిచ్చిరి. ఆ గడువు చిన్నది కాదు. ఐనను అడ్లూరు, ఇల్చిపూర్, టెక్రియాల్, లింగాపూర్ మొదలగు పల్లెల రైతులకు, తమ పంటభూములు పారిశ్రామిక మండలములో చేరినవను వార్త కాగితముగ గాక, పిడుగుగ వచ్చినది. ఒక రైతు ప్రాణము పోయినది. జనవరి 5న కలెక్టరు కార్యాలయము ముందఱ వేలమంది నిలిచిరి. నెల తిరుగకమునుపే ఆ ముసాయిదాను ఉపసంహరింపవలెనని పాలకమండలి తీర్మానించినది. ఎన్నో నెలల సాంకేతిక శ్రమ వ్యర్థమై, పట్టణమునకు కావలసిన రహదారులు, పారిశ్రామిక స్థలములు అన్నియు ఆగిపోయినవి. ముసాయిదా కంటె ముందుగనే, అనగా గీత ఒక్కటియు గీయకమునుపే, ఎప్పుడేమి జరుగునో చెప్పి, ఎవరినెప్పుడు అడుగవలెనని వారినే అడిగియున్నచో ఆ జనవరి అట్లు గడచెడిది కాదని నా విశ్వాసము.

శంషాబాదునకు మఱింత దాపున జరిగినది 2025 డిసెంబరు నాటి వార్డుల పునర్విభజన. పెరిగిన మహానగరమును మూడువందల వార్డులుగ విభజించు ముసాయిదాపై అభ్యంతరములకు ఏడు దినములే ఇచ్చిరి. వార్డులవారీ జనసంఖ్యయు పటములును ప్రజలకు చూపవలెనని ఆదేశించి హైకోర్టు మఱి రెండు దినములు పొడిగించినది. పటము లేనిదే హద్దును గూర్చి అభ్యంతరము చెప్పుట అసాధ్యమను సత్యమును న్యాయస్థానము చెప్పవలసివచ్చినది. ఆ రెండు దినములు చిన్నవే; వాని వెనుకనున్న న్యాయము పెద్దది.

ఇపుడు కొంత దూరము పోయి చూతము. వేల్స్ దేశమున 2004 నాటి ప్రణాళికా చట్టమును అనుసరించి, ప్రతి స్థానిక సంస్థయు తన అభివృద్ధి ప్రణాళికను సాధారణముగా నాలుగేండ్లకొకమారైనను పునస్సమీక్షింపవలెను. కార్డిఫ్ విమానాశ్రయము కార్డిఫ్ నగరములో లేదు. దానికి వెలుపల వేల్ ఆఫ్ గ్లామోర్గన్ అను మండలములో, రూస్ అను ఊరి ప్రక్కన ఉన్నది. మన శంషాబాదువలెనే నగరపు విమానమును తన పొలములలో దింపుకొనిన పల్లెసీమ అది. ఆ మండలి 2017 జూన్‌లో స్వీకరించిన ప్రణాళికను నాలుగేండ్లు నిండిన పిదప, 2021లో, సమీక్షకు ఎత్తుకొనినది. ప్రణాళికను తిరుగవ్రాయుటకు మొదటి మెట్టు కొత్త నక్ష కాదు. డెలివరీ అగ్రిమెంట్ అను ఒక ఒడంబడిక. దానిలో రెండు భాగములుండును. ఏ దశ ఏ నెలలో ఆరంభమై ఏ నెలలో ముగియునో చెప్పు కాలపట్టిక మొదటిది. ప్రతి దశలోను ఎవరిని, ఏ రీతిని, ఏ భాషలో అడుగుదురో చెప్పు పద్ధతి రెండవది. ఈ ఒడంబడికయొక్క ముసాయిదాను ప్రజల యెదుట పెట్టి, వారి అభిప్రాయములను గైకొని, పిమ్మట వేల్స్ ప్రభుత్వముచే ఒప్పింతురు. ప్రకటనలు వెల్ష్, ఆంగ్లము రెంటను వెలువడును. తేదీ మిక్కిలి తప్పినచో ఊరక విడువరాదు. ఒడంబడికను సవరించి మరల ఒప్పింపవలెను. ప్రణాళికలో ఏమి వ్రాయవలెనను వివాదము అచ్చటను ఉండును. ఇండ్లకు స్థలమెక్కడ, పచ్చికబయలెక్కడ అని కలహించుకొందురు. ఐతే ఆ కలహమునకు ఒక తేదీ యుండును, ఆ తేదీ అందఱికిని ముందే తెలిసియుండును. మా పెద్దాయన ప్రశ్నకు ఆ దేశములో ఎవరైనను జవాబు చెప్పగలరు.

సమీక్షాకాలమును ముందుగ ప్రకటించినచో భూమివ్యాపారులు ముందే దిగి ధరలు పెంతురని అధికారవర్గములలో ఒక సందేహము వినవచ్చుచుండును. సందేహించువారు మంచివారే, వారికి అనుభవమున్నది. కాని శంషాబాదు గడచిన ఇరువదియేండ్ల చరిత్రను చూచినవారెవ్వరును రహస్యము వ్యాపారిని ఆపినదని చెప్పజాలరు. రహస్యమెప్పుడును చెవులు దగ్గరగ నున్నవానికి ముందుగను, దూరముగ నున్నవానికి చివరగను చేరును. రైతు తన నేల జోను మారనున్నదని తెలియక అమ్ముకొనును, తెలిసినవాడు కొనును, మారిన పిదప రైతు తాను పోగొట్టుకొన్నదేమో తెలిసికొనును. అందఱికిని ఒకే దినమున తెలిసిన వార్తకు అట్టి బలము ఉండదు. ఆలస్యమగునను భయమును అంతియే. కామారెడ్డిలో పోయిన కాలమును, పెద్దషాపూర్ వ్యాజ్యములో పోయిన కాలమును కూడి చూచినచో, ముందుగ అడుగుటకు పట్టు మూడు నెలలు మిక్కిలి చిన్నవిగ కనబడును.

కావున 2050 ప్రణాళికకు గీతలు గీయువారిని నేను కోరునది ఒకటియే. ముసాయిదా నక్షకంటె ముందు ముసాయిదా కాలపట్టికను మా ముందు పెట్టుడు. అందులో సమీక్ష ఎన్ని సంవత్సరములకొకమారు జరుగునో ఉండవలెను. విమానాశ్రయ ప్రాంతమునకు వేఱుగ తేదీలుండవలెను. ఏలనన హడా ప్రణాళిక, బాహ్యవలయ ప్రణాళిక, 2031 ప్రణాళిక మూడును ఇచ్చటనే కలియుచున్నవి, మెట్రో మార్గమును ఇచ్చటికే రావలసియున్నది. వానాకాలపు నాట్లలో, అనగా జూలై ఆగస్టులలో, గడువు పడరాదు. బతుకమ్మ దసరా దినములు తీసివేయవలెను. కోతలు ముగిసి యాసంగి దుక్కులు మొదలగు నడిమి వారములు మంచివే కాని కొలదివి. అరువది దినముల గడువు వానిని దాటి సంక్రాంతి వరకు పోవలెను. మాఘమాసములో ఈ ప్రాంతపు ఫంక్షన్ హాళ్లన్నియు పెండ్లిండ్లతో నిండును; పెండ్లిపెద్దలే ఊరిపెద్దలు గనుక ఆ మాసమున సభ జరుగదు. ఇవి చిల్లరసంగతులని తలంపరాదు. సభకు రావలసినవాడు రాలేని దినమున సభ పెట్టుట, అతనిని పిలువకుండుటయే.

నక్ష తెలుగులో ఉండవలెను. రంగుతోపాటు గ్రామమువారీగ సర్వే నంబర్ల పట్టిక ఉండవలెను, జిరాక్సు తీసినను అర్థమగునట్లు. ప్రతి సర్వే నంబరునకు ఎదుట ఇప్పటి జోను, రాబోవు జోను, ఎత్తు పరిమితి, చెరువు హద్దు నాలుగును ఒకే వరుసలో ఉండవలెను. పట్టాదారు పేరిట వచ్చు నోటీసుతో కౌలుదారునకు తెలియదు, అద్దెకుండువానికి తెలియదు, మేకలవానికి మొదలే తెలియదు. కాబట్టి గెజిట్ ఉన్నను, పత్రికా ప్రకటన ఉన్నను, ఊరిలో డప్పుతో చాటింపును వేయింపవలెను. మన పల్లెలలో జమాబందికిని, జాతరకును, చెరువు నీటి వంతునకును చాటింపు వేసినవారము. ఇది దానికంటె చిన్నది కాదు.

ఆ చాటింపు వేయు వేళను గూర్చి మరల ఆ పల్లెకు పోయి పెద్దాయనను అడిగితిని. “పొద్దుగూకినంక వెయ్యమను సారూ,” అన్నాడు. “పొద్దుగాల్నయితే మేమంత పొలంల ఉంటం. మా మనుమడు ఏర్‌పోర్టుల రాత్రి డ్యూటీకి పోతడు. ఎనిమిది గొట్టంగ బండి ఎక్కుతడు.” పొలమునుండి మరలినవారును, విమానాశ్రయమునకు బయలుదేరవలసినవారును ఒకే కప్పు క్రింద కూడియుండు గడియ, ఆ యింట, ఆరున్నరకును ఎనిమిదికిని నడుమ మాత్రమే ఉన్నది.